చౌక ఫోనూ, ఖరీదు ఫోనూ: ఒక చారిత్రక పరిశీలన

ఆ మధ్య ఒక సాయంకాలం నా దగ్గర చరిత్ర చదువుకుంటున్న విద్యార్థి ఒకతను ఇంటికి వచ్చి సలహా అడిగాడు. డిగ్రీ రెండవ సంవత్సరం. పాత ఫోను పాడైపోయింది, కొత్తది కొనాలి. హాస్టల్లో స్నేహితులంతా ఒక ఖరీదైన ఫోనును గురించే మాట్లాడుకుంటున్నారట. దాని వెల ఎనభై నాలుగు వేలు. రొక్కం ఇవ్వనక్కరలేదు, నెలకు మూడున్నర వేల చొప్పున రెండేళ్ళు కడితే చాలు. "పదకొండు వేలకు కూడా ఫోను వస్తుంది సార్. కాని అది చేతిలో ఉంటే మనల్ని ఒక మనిషి కింద లెక్కకట్టరు. మీరేమంటారు?" అన్నాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అతని తండ్రి ఆటో తోలుతాడు. అక్క తడ దగ్గర శ్రీసిటీలో ఒక ఫోన్ల కర్మాగారంలో పని చేస్తోంది. ఆమె జీతంలో నాలుగో వంతుకు పైగా ఈ వాయిదాకే పోతుంది. పొదుపును గురించి నాలుగు నీతులు చెప్పి పంపించవచ్చు. కాని పేదవాడికి పొదుపు బోధించడం కలవారి పాత అలవాటు, ఆ పని మనం చెయ్యనక్కరలేదు. ఒకే పని చేసే పరికరాలకు ధరలో ఏడెనిమిది రెట్ల తేడా ఎందుకు వచ్చింది? ఆ తేడాలో ఉపయోగం పాలెంత, హోదా పాలెంత? దీనికి జవాబు బజారులో దొరకదు, చరిత్రలో వెతకాలి.

ఈ చీలిక సెల్ ఫోనుతో పుట్టింది కాదు. గత శతాబ్దంలో మోటారు కారు విషయంలోనూ ఇదే జరిగింది. 1908లో అమెరికాలో హెన్రీ ఫోర్డు తన మోడల్-టి కారును 850 డాలర్లకు అమ్మకానికి పెట్టాడు. ఉత్పత్తి పెరిగినకొద్దీ ధర తగ్గిస్తూ వచ్చి, 1925 నాటికి అందులో చౌక రకాన్ని 260 డాలర్లకు దించాడు. రైతులూ, చిన్న ఉద్యోగులూ కార్లు కొన్నారు. మొత్తం మీద కోటీ యాభై లక్షల బండ్లు తయారైనాయి. అప్పుడు జనరల్ మోటార్సు వారికి ఒక చిక్కు వచ్చింది. నడిచే బండి ఇంట్లో ఉన్నవాడు మరొకటి ఎందుకు కొంటాడు? ఆ కంపెనీ అధిపతి ఆల్‌ఫ్రెడ్ స్లోన్ దీనికి మార్గం చూపించాడు. షెవర్లే మొదలు కాడిలాక్ దాకా ధరలను నిచ్చెన మెట్లలాగా పేర్చాడు. ఏటా బండి రూపు మార్చాడు. వాయిదాల మీద అప్పులిచ్చే సంస్థ 1919 నుంచే కంపెనీకి ఉండనే ఉంది. 1927లో మోడల్-టి తయారీ ఆగిపోయింది. బండి అరగక ముందే దాని పరువు అరిగిపోయే పద్ధతి స్థిరపడింది.

అంతమాత్రం చేత ఫోర్డును శ్రమజీవుల బంధువుగా భావించరాదు. 1937లో తన కర్మాగారం దగ్గర కరపత్రాలు పంచవచ్చిన యూనియను నాయకులను అతని మనుషులు చావబాదారు. 1941 దాకా అతను యూనియనుతో ఒప్పందానికి రాలేదు. చౌకగా అమ్మేవాడు శ్రామికునికి మిత్రుడనే భ్రమ మనకు ఉండకూడదు. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి, ముందు దీనితో పని ఉంది.

మన దేశంలో ఇందుకు భిన్నమైన ప్రయత్నం ఒకటి జరిగింది. 1961లో ప్రభుత్వరంగ సంస్థ అయిన హిందూస్థాన్ మెషిన్ టూల్సు జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగుళూరులో చేతి గడియారాలు చెయ్యడం మొదలుపెట్టింది. అందులో ఒక రకానికి 'జనతా' అని పేరు. బడిపంతులైన మా నాన్నగారి చేతికి చివరిదాకా ఉన్నది అదే. స్విస్ గడియారంలో తొమ్మిదైనప్పుడే జనతా గడియారంలోనూ తొమ్మిదయ్యేది. సామాన్యునికి కావలసిన వస్తువు సామాన్యుని ధరలో, నాణ్యత చెడకుండా చెయ్యడం సాధ్యమేనని ఆ గడియారం రుజువు చేసింది. 2016లో కేంద్ర ప్రభుత్వం ఆ గడియారాల కంపెనీని మూసివెయ్యాలని నిర్ణయించింది.

ఇక ఫోను కథ. 1995 జూలై 31న కలకత్తా నుంచి జ్యోతిబసు ఢిల్లీలోని సుఖరాంతో సెల్ ఫోనులో మాట్లాడారు. మన దేశంలో అదే మొదటిది. ఆ రోజుల్లో నిమిషానికి 16 రూపాయల దాకా అయ్యేది. మనకు ఎవరైనా ఫోను చేసినా మనమే కట్టుకోవాలి. ఈ పద్ధతి 2003 దాకా పోలేదు. అదే సంవత్సరం నోకియా కంపెనీ 1100 అనే ఫోనును విడుదల చేసింది. దుమ్ము చొరకుండా మీటల మీద ఒకే రబ్బరు తొడుగు, తలమీద టార్చి లైటు. అంతకు మించి ఆడంబరం లేదు. ప్రపంచం మొత్తం మీద 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. సెల్ ఫోను అధికారుల నడుము మీది నుంచి తాపీమేస్త్రీ చొక్కా జేబులోకి దిగింది ఇటువంటి ఫోన్లతోనే.

2007లో ఆపిల్ కంపెనీ ఐఫోను వచ్చింది. మరుసటి సంవత్సరం ఆగస్టులో మన దేశంలో దాన్ని 31,000 రూపాయలకు అమ్మారు. వేలితో తాకితే కదిలే తెర జనాన్ని ఆశ్చర్యపరిచింది, ఆ ఘనతను కాదనవలసిన పని లేదు. కాని ఆ ఫోనును ఉపయోగకరం చేసిన విద్యలు ఎక్కడ పుట్టాయి? ఇంటర్నెట్‌కు మూలమైన ఆర్పానెట్‌ను 1969లో అమెరికా రక్షణశాఖ డబ్బుతో ప్రారంభించారు. దారి చూపే జి.పి.యస్. కూడా ఆ శాఖదే. వరల్డ్ వైడ్ వెబ్ 1989లో ఐరోపా దేశాల ఉమ్మడి పరిశోధనాలయమైన సెర్న్‌లో రూపొందింది. 1993లో దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చునని సెర్న్ ప్రకటించింది. ఈ చరిత్రను ఆర్థికవేత్త మరియానా మజుకాటో 2013లో ఒక గ్రంథంలో వివరంగా చర్చించింది. ప్రజాధనంతో పెరిగిన చెట్టు కాయలను కంపెనీ తన ముద్ర వేసి అమ్ముకుంది.

ఆ కాయలు చౌక ఫోనులోకి కూడా రావడానికి కారణం ఉంది. 2008లో ఆండ్రాయిడ్ ఫోన్లు వచ్చాయి. ఆండ్రాయిడ్‌కు పునాది లైనక్స్. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టగా, దేశదేశాల ప్రోగ్రామర్లు చెయ్యి వేసి పెంచిన ఉమ్మడి సొత్తు అది. గూగుల్ కంపెనీ తన లాభం కోసమే ఆండ్రాయిడ్‌ను పంచిపెట్టినా, చిన్న తయారీదారులకు దానితో దారి దొరికింది. 2014లో షామీ కంపెనీ రెడ్మీ 1ఎస్ ఫోనును 5,999 రూపాయలకు అమ్మింది. 2015 ఆగస్టు నుంచి ఆ కంపెనీ ఫోన్లను ఫాక్స్‌కాన్ వారు మన శ్రీసిటీలోనే తయారు చెయ్యసాగారు. 2020లో బడులు మూతబడినప్పుడు పాఠాలు ఫోనులోకి వెళ్ళాయి. అసర్ సర్వే ప్రకారం, గ్రామాలలో బడి పిల్లలున్న ఇళ్ళలో స్మార్ట్ ఫోను కలవి 2018లో నూటికి 36.5 కాగా 2020లో 61.8కి పెరిగాయి. కూలినాలి చేసుకునేవాళ్ళు అప్పుచేసి ఏ ధర ఫోన్లు కొన్నారో వేరే చెప్పనక్కరలేదు. ఫోను లేని ఇళ్ళ పిల్లలకు చదువే లేకపోయింది.

నేడు పదివేల పైచిలుకు ఫోనులో పాఠం వినవచ్చు, పుస్తకం చదవవచ్చు, డబ్బు పంపవచ్చు, దరఖాస్తు పెట్టవచ్చు. అయితే ఖరీదు ఫోను అదనంగా అమ్ముతున్నదేమిటి? మెరుగైన కెమెరా, వేగం, గట్టి గాజు ఉన్నాయి. ఇది నిజమే. కాని 2016లో ఆపిల్ తన కొత్త ఫోనులో చెవి తీగ పెట్టుకునే రంధ్రం తీసివేసింది. 2020లో పెట్టెలోంచి ఛార్జరు తీసివేసింది. ఈ మధ్యలో, 2017లో, ధరను వెయ్యి డాలర్ల దరికి చేర్చింది. ఆ ఫోను మన దేశంలో 89,000 రూపాయలు. ధర పెరుగుతున్నది, ఇచ్చేది తరుగుతున్నది. ఉపయోగపు విలువ ఒక దారిన, వినిమయ విలువ మరొక దారిన నడవడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

ఈ డబ్బు ఎవరికి చేరుతున్నది? 2010 నాటి ఐఫోను ధరను ముగ్గురు అమెరికా పరిశోధకులు 2011లో పాళ్ళు విడగొట్టి చూశారు. నూటికి 58.5 ఆపిల్ లాభం. చైనాలో దాన్ని కూర్చిన కార్మికుల శ్రమకు 1.8. ఆ 2010లోనే షెన్‌జెన్‌లోని ఫాక్స్‌కాన్ కర్మాగారంలో యువ కార్మికులు వరుసగా ఆత్మహత్యలు చేసుకున్నారు. ఖరీదైన వస్తువు చేసినంత మాత్రాన చేసేవారి బ్రతుకు ఖరీదు పెరగలేదు.

ఇక్కడ ఖరీదు ఫోను పక్షాన రెండు వాదాలు వినిపిస్తాయి. వాటిని తోసిపుచ్చడం న్యాయం కాదు.

మొదటిది, ఖరీదు ఫోను ఎక్కువ కాలం మన్నుతుందని. ఇందులో సత్యం ఉంది. 2015 నాటి ఐఫోనుకు 2021లో కూడా కొత్త ఆపరేటింగ్ సిస్టం ఇచ్చారు. చౌక ఫోన్లలో చాలావాటికి రెండేళ్ళు దాటితే ఆ దిక్కు ఉండేది కాదు. కాని ఆ దీర్ఘాయువు కూడా యజమాని దయాభిక్షే. బ్యాటరీ ముసలిదైన ఫోన్ల వేగాన్ని తామే తగ్గించామని ఆపిల్ 2017 డిసెంబరులో ఒప్పుకున్నది. ఆ సంగతి కొన్నవారికి చెప్పనందుకు 2020లో ఫ్రాన్సు ప్రభుత్వం రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది.

రెండవది, చౌక ఫోను శ్రామికుల కడుపు కొట్టి చేసినదని. ఈ ప్రశ్న నన్ను అడిగింది మా విద్యార్థి అక్కగారే. ఒక ఆదివారం తమ్ముడితో వచ్చి కూర్చుంది. నేను చౌక ఫోను పక్షాన మాట్లాడుతుంటే అంతా విని, "మేము రోజంతా నిలబడి చేసేవి ఆ చౌక ఫోన్లే సార్. వాటిని అంత చౌకగా ఎట్టా అమ్ముతున్నారో మా కాళ్ళను అడిగితే చెప్తాయి" అన్నది. నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. ఫోర్డును గురించి ముందు చెప్పిన మాట నాకు అప్పుడు తగిలింది.

ఆమె అన్నది అక్షరాలా నిజం. చౌకదనంలో ఆమె శ్రమ ఉంది. ప్రకటనల రాబడి కూడా ఉంది. పరికరాల మీద నూటికి 5కు మించి నికర లాభం తీసుకోమని షామీ 2018లో ప్రకటించింది. మిగతాది ఫోను లోపలి సేవల మీద, ప్రకటనల మీద వస్తుంది. కాని ఎనభై వేలు పోస్తే ఈ అన్యాయం తీరుతుందా? 2021 డిసెంబరులో శ్రీపెరంబుదూరు ఫాక్స్‌కాన్‌లో పనిచేసే యువతులు హాస్టలు తిండి విషమై జబ్బుపడి, చెన్నై-బెంగుళూరు రహదారి మీద బైఠాయించారు. వారు కూర్చేది ఖరీదైన ఐఫోన్లనే. చౌక ఫోనూ, ఖరీదు ఫోనూ ఒకే రకం చేతుల మీదుగా, అనేకసార్లు ఒకే యజమాని కప్పు కింద తయారవుతున్నాయి. కొనేవాడు ఎక్కువ ఇచ్చినంత మాత్రాన చేసేవారికి ఎక్కువ రాదు. వారికి వచ్చేది వారి ఐక్యత వల్లనే. శ్రీపెరంబుదూరులో కూడా రోడ్డు మీద కూర్చున్న తరువాతే కర్మాగారం మూతబడింది, హాస్టళ్ళ సంగతి లోకానికి తెలిసింది.

మన్నికను గురించి కూడా ఇదే చెప్పాలి. యూరోపియన్ యూనియనులో 2024 డిసెంబరు నుంచి కొత్త ఫోన్లన్నిటికీ ఒకే రకం ఛార్జరు రంధ్రం ఉండాలి. 2025 జూన్ నుంచి, ఒక రకం ఫోను అమ్మకం ఆపిన తరువాత ఐదేళ్ళపాటు సాఫ్ట్‌వేర్ సవరణలు, ఏడేళ్ళపాటు విడిభాగాలు ఇవ్వాలి. ఇది ఎనభై వేల ఫోనుకూ వర్తిస్తుంది, పదివేల ఫోనుకూ వర్తిస్తుంది. కంపెనీ పై మెట్టు వాడికి వరంగా అమ్మినదాన్ని చట్టం అందరికీ హక్కుగా మార్చింది. మన దేశంలో మరమ్మతు హక్కు పేరుతో 2022 డిసెంబరులో ప్రభుత్వం ఒక పోర్టలును ప్రారంభించింది. సమాచారం ఇవ్వడం వేరు, కంపెనీని కట్టడి చెయ్యడం వేరు. ఆ రెండవది మనం అడగవలసి ఉంది.

కనుక మా విద్యార్థితో చివరికి నేను చెప్పింది ఇంతే. చౌక ఫోను కొనుక్కో. అది నీకు తగినదని కాదు, నీ పనికి సరిపోతుంది గనుక. బ్యాటరీ మార్చడానికి వీలున్నదా, మన ఊళ్ళో బాగుచేసేవాడికి విడిభాగాలు దొరుకుతాయా, ఎన్నేళ్ళు సవరణలు ఇస్తామని రాసి ఇచ్చారు, ఇవి చూడు. మీ అక్క రెండేళ్ళ శ్రమలో నాలుగో వంతు ఒక ముద్రకు ధారపొయ్యకు. హాస్టల్లో ఎవరైనా చిన్నచూపు చూస్తే, ఆ చూపును కూడా స్లోన్ వారసులే అమ్ముతున్నారని తెలుసుకో.

అతను పదకొండు వేల ఫోనే కొన్నాడు. కొన్న రోజున అక్క దాన్ని తిప్పి చూసి, వెనక అంచు మీద వేలు పెట్టి, "ఈ అతుకు నేను రోజుకు కొన్ని వందలసార్లు వేస్తాను" అన్నదట. తరగతిలో ఆ ఫోనును అతను దాచుకోవడం లేదు. ఈ నెలలో ఆమె పని గంటలను గురించి కర్మాగారంలో అమ్మాయిలు నలుగురూ కలిసి ఒక అర్జీ రాసుకుంటున్నారు. దాని చిత్తుప్రతిని తమ్ముడు ఆ ఫోనులోనే టైపు చేసి, తప్పులు దిద్దమని నాకు పంపించాడు.