మెరుపును నిర్ణయించిన ఘాతాంకం: ఫాంగ్ సూత్రం

కంప్యూటర్ చిత్రాలలో నున్నని వస్తువులపై కనిపించే మెరుపుకు చిరకాలం వాడుకలో నిలిచిన సూత్రాన్ని, అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో పరిశోధించిన వియత్నాం శాస్త్రవేత్త బుయ్ తువాంగ్ ఫాంగ్ 1973 నాటి సిద్ధాంత గ్రంథంలో ప్రతిపాదించారు. 1975లో అది వ్యాసంగా వెలువడింది. ఆ ఏడాదే ఆయన మరణించారు.

కాంతి ప్రతిఫలించే దిశకూ చూపు దిశకూ నడుమనున్న కోణపు కొసైన్‌ను తీసుకొని, దాని ఘాతాన్ని మెరుపు తీవ్రతగా ఆయన గ్రహించారు. కోణం 20 డిగ్రీలైతే, ఘాతాంకం 10 వద్ద గరిష్ఠ కాంతిలో సుమారు 54 శాతం మిగులుతుంది. 100 వద్ద 0.2 శాతమే. ఘాతాంకం పెరిగేకొద్దీ మెరుపు కుంచించుకుపోయి ఉపరితలం మరింత నునుపుగా తోస్తుంది. అయితే ఈ అంకె పదార్థాన్ని కొలిచి రాబట్టినది కాదు, కంటికి నచ్చేదాకా సవరించుకునేది. మెరుపు ఎంత కుదించుకున్నా దాని నడిమి తీవ్రత పెరగదు. నిజమైన ఉపరితలాల తీరు అది కాదు.

1977లో జేమ్స్ బ్లిన్ కాంతి, చూపు దిశల నడిమి దిశను ఆధారంగా తీసుకొని గణనను మార్చారు. కాని అంతకన్నా పెద్ద లోపం రంగులో ఉంది. మెరుపుకు దీపపు రంగునే ఇవ్వడంతో లోహం సైతం ప్లాస్టిక్‌లా కనిపించేది. రాబర్ట్ కుక్, కెన్నెత్ టొరాన్స్ 1982 నాటి వ్యాసంలో రాగి రంగు ప్లాస్టిక్ కూజానూ నిజమైన రాగిని తలపించే కూజానూ చూపి ఈ తేడాను స్పష్టం చేశారు.

అయినా గణన తేలిక కావడంతో ఘాతాంకం నిలిచిపోయింది. 1992లో వచ్చిన ఓపెన్‌జీఎల్‌లో ‘షైనినెస్’ పేరిట 0 నుంచి 128 వరకు సవరించుకునే విలువ అదే.