కాలువదారిన కుటుంబ ప్రయాణము

ఇంటి ముంగిట మోటారుకారు నిలిచియుండుట నేడు పెక్కు సంసారములకు వింత కాదు. అది లేనినాడు, బస్సు సైతము ఎరుగని నాడు, పెద్ద కుటుంబములు పెండ్లికి, పురిటికి, యాత్రకు ఎట్లు కదలెడివో ఒకసారి తలచుకొందము. ఎడ్లబండి మాట అందరెరిగినదే. గోదావరి, కృష్ణా మండలములవారికి మరియొక ఆధారముండెడిది. అది కాలువ పడవ.

సర్ ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరము వద్ద ఆనకట్ట పని ప్రారంభింపగా 1852 నాటికి అది ముగిసెను. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియైనది. పొలములకు నీరిచ్చుటయే గాక పడవలు నడచుటకును వీలుగా ఈ కాలువలను త్రవ్వించిరి. ఈ రెండవ ప్రయోజనమును మన చరిత్ర పాఠములలో ఒక్క వాక్యముతో దాటివేయుదురు. గోదావరి కాలువ, కృష్ణ కాలువ ఏలూరిలో కలిసికొనినవి. కృష్ణకు దక్షిణమున కొమ్మమూరు కాలువ పెదగంజాము చేరును. అచ్చటినుండి బకింగుహాము కాలువ చెన్నపట్టణము మీదుగా సాగును. 1876-78 నాటి ఘోర క్షామములో పొట్ట చేతబట్టుకొని వచ్చిన కూలీలే పట్టణములో దాని లంకెను త్రవ్విరి. బెజవాడనుండి మద్రాసునకు రైలు 1899లో గాని రాలేదు. అంతవరకు కాకినాడ సంసారి పట్టణము పోవలెనన్న, సముద్రమునకు జంకినచో, ఈ నీటిదారి యుండెను.

పడవ యెక్కుట యనగా సగము ఇల్లు తరలించుటయే. పరుపుచుట్టలు, బిందెలు, ఊరగాయ జాడీలు, పులిహోర మూటలు, చంటిబిడ్డకు ఉయ్యాల కట్టుటకొక పాతచీర! లాకుల వద్ద పడవ ఆగును. వెనుక తలుపులు మూసి నీరు వదలగా పడవ మెల్లగా పైకి లేచుట పిల్లలకు తిరునాళ్ళంత వేడుక. మీ యింట వృద్ధులున్నచో అడిగి చూడుడు.

గాలి అనుకూలించిన తెరచాప ఎత్తెడివారు. లేనినాడు మనుష్యులే త్రాడు భుజమున వేసికొని గట్టువెంట నడచుచు లాగెడివారు. పడవ ప్రయాణ మెంతో హాయి యని పెద్దలు చెప్పగా మేమును విన్నాము. ఆ హాయి లోపల కూర్చున్నవారిది. లాగినవారి పేర్లు మేము చదివిన గ్రంథములలో కానరావు.

వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేసెడివారు. మన పెండ్లి ముహూర్తములా, వైశాఖ జ్యేష్ఠములలోనే యుండును! నెలలు నిండుచున్న ఆడపడుచును పుట్టింటికి తేవలెనన్న కాలువ కట్టకముందే పడవ యెక్కింపవలెను. ఆ అదను తప్పినచో మండుటెండలో బండి కుదుపులే గతి. అర్ధరాత్రి ఎవరికైన ప్రాణము మీదికి వచ్చినపుడు, త్రాడు లాగు పడవ నడక మనిషి నడకయే గదా. ఈ మాట దాచి పాతకాలమును పొగడుట మాకిష్టము లేదు.

రైలు వచ్చెను, పిదప బస్సులు వచ్చెను. ప్రయాణికులు తగ్గినను, బియ్యము, సరుగుడు కట్టెలు పట్టణమునకు మోయుచు పడవలు మరికొంత కాలము నడచినవి. 1960ల తుపానులు బకింగుహాము కాలువను దెబ్బతీసినవి. పూడిక మిగిలినది చేసెను. 2008లో ఈ మార్గమును నాలుగవ జాతీయ జలమార్గముగా ప్రకటించిరి. పడవ నెరుగని పిల్లలు సైతము డెల్టా ఊళ్ళలో బస్సు దిగు తావును నేటికిని ‘లాకుల దగ్గర’ అనియే చెప్పుచుందురు.