శిలువ యుద్ధముల పుట్టుక

తెలుగువారు పెద్ద తుపాకిని ఫిరంగి యందురు. పూర్వము ఐరోపావారినే ఫిరంగులనిరి. ఈ మాటకు మూలము ‘ఫ్రాంకు’ అను జాతినామము. నేటి ఫ్రాన్సు దేశమునకు పేరిచ్చిన యా జాతిని అరబ్బులు ‘ఫరంజు’లనిరి, పారశీకులు ‘ఫరంగు’లనిరి. సిరియా, పాలస్తీనా దేశముల జనులు ఈ పేరు విని భీతిల్లిన కాలము తొమ్మిది వందల యేండ్ల నాటిది.

క్రీ. శ. 1095 నవంబరు 27వ తేదీన ఫ్రాన్సులోని క్లెర్మాంటు పట్టణమున రెండవ అర్బను పోపు గొప్ప సభ చేసి, యెరూషలేమును ముస్లిముల చేతినుండి విడిపింప రండని క్రైస్తవులను ప్రబోధించెను. అప్పటికి కల్యాణి సింహాసనముపై చాళుక్య ఆరవ విక్రమాదిత్యుడును, చోళ వేంగీ రాజ్యములపై కులోత్తుంగుడును ఉండిరి. పోపు పలికిన మాటలను నాడే యెవ్వరును వ్రాసిపెట్టలేదు. మనకు దొరకు పాఠములన్నియు యెరూషలేము జయించిన పిదప వ్రాయబడినవి. అవి ఒకదానితో నొకటి పొసగవు. జయము కన్నవారు జ్ఞాపకముంచుకొన్న ప్రసంగమని వానిని చదువుట మేలు.

ముస్లిములు పుణ్యక్షేత్రమును ఆక్రమింపగా క్రైస్తవులు కత్తి దూసిరని సామాన్యముగా చెప్పుదురు. కాని ఖలీఫా ఉమరు కాలమున యెరూషలేము అరబ్బుల వశమైనది 638 ప్రాంతమున. పోపు పిలుపు వచ్చుటకు నాలుగు వందల యేబదియేండ్లకు పైగా పట్టినది. ఈ మధ్యకాలమున క్రైస్తవ యాత్రికులు పోవుచునే యుండిరి. 1009లో ఈజిప్టు ఖలీఫా అల్ హాకిము క్రీస్తు సమాధి మందిరమును పడగొట్టించెను. అంతటి ఘోరమునకును ఐరోపానుండి సైన్యము కదలలేదు. తరువాతి ఖలీఫాల సమ్మతితో బైజాంటియము చక్రవర్తి దానిని మరల కట్టించెను.

మరి 1095లో మారినదేమి? తూర్పున సెల్జూకు తురుష్కులు విజృంభించి 1071లో మంజికర్టు వద్ద బైజాంటియము చక్రవర్తిని ఓడించి బందీగా పట్టుకొనిరి. ఆసియా మైనరు చేజారెను. పిమ్మట వచ్చిన అలెక్సియసు చక్రవర్తి పోపును సహాయ మర్థించెను. ఆయన కోరినది కొంత కూలిసైన్యము మాత్రమే, వచ్చినది మహాప్రవాహము. ఇటు పోపులకును స్వప్రయోజనము లేకపోలేదు. జర్మను చక్రవర్తులతో వారికి చిరకాల వైరము; 1054 నుండి తూర్పు క్రైస్తవసంఘముతో చీలిక; దొరలు ఊళ్లపై బడి కొట్టుకొనుచుండిరి. ఆ కత్తులను దూరదేశమునకు త్రిప్పుట సర్వవిధముల లాభకరముగా నుండెను.

ఇన్నింటిలో ముఖ్యమైన మార్పు ధర్మశాస్త్రమునకు సంబంధించినది. అంతకుముందు న్యాయమైన యుద్ధమున నరుని చంపినను ప్రాయశ్చిత్తము తప్పదు. 1066లో ఇంగ్లండును జయించిన నార్మను సైనికులకు సైతము, పోపు జెండాతో పోయినవారేయైనను, చంపిన తలలను బట్టి తపోదీక్షలు విధింపబడెను. అర్బను ఈ క్రమమును తలక్రిందులు చేసెను. యెరూషలేముకు యుద్ధయాత్ర పోవుటయే ప్రాయశ్చిత్తమనెను. పాపభీతిగల యా కాలపు దొరలకు కత్తి విడువకయే తరించు మార్గము దొరికెను. భూమిపై ఆశతో పోయినవారు లేకపోలేదు. కాని ఆస్తి నమ్ముకొని, కుదువబెట్టి పోయినవారనేకులు. ఆశ యొక్కటే కారణమన్నచో ఇది కుదురదు.

ఈ దీక్షకు మొదట బలియైనవారు ముస్లిములు కారు. 1096లో రైనునదీ తీరపు వర్ముసు, మైంజు పట్టణములలోని యూదులను ఊచకోత కోసిరి. 1099 జూలై 15న యెరూషలేము పడెను. వధ ఘోరముగా జరిగెను. అప్పుడా పట్టణ మేలుచున్నది తురుష్కులు కారు, ఏడాది క్రిందటనే వారినుండి దానిని లాగుకొన్న ఈజిప్టు ఫాతిమీయులు. ముస్లిములలో ఐకమత్యము లేమిచేతనే ఫరంజులు గెలిచిరి. 1092లో సెల్జూకుల మహామంత్రి నిజాముల్ముల్కు హతుడయ్యెను. అదే యేట సుల్తాను మరణింపగా రాజ్యము ముక్కలయ్యెను. ఆ మంత్రి ధరించిన బిరుదమే తరువాత హైదరాబాదు ప్రభువులకు వచ్చి, ఇందూరును నిజామాబాదు చేసెను.

1105లో డమాస్కసు పండితుడు అల్ సులమీ జిహాదును బోధించి గ్రంథము చెప్పగా వినినవారు కొద్దిమంది. 1144లో జంగీ ఎడెస్సాను, 1187లో సలాహుద్దీను యెరూషలేమును గెలుచునాటికి ఆ బోధ రాజనీతిగా మారెను. ఒకరి దీక్ష మరియొకరి దీక్షకు ప్రాణము పోసెను.

గుడిగా వెలసి తుగ్లకు కాలమున మసీదైన బోధను దేవల్ మసీదును చూచువారికి దక్కనులోని యుద్ధములును ఇట్టివేనా యను సందేహము కలుగును. 1565 నాటి తళ్లికోట యుద్ధమును పారశీక చరిత్రకారులు మతయుద్ధముగా వర్ణించిరి. కాని అందు పాల్గొన్న ఇబ్రహీం కుతుబ్ షా యౌవనమున ఏడేండ్లు విజయనగరమున అళియ రామరాయల ఆశ్రయమున బ్రదికినవాడు. తెలుగు కవులు మల్కిభరాముడని కీర్తించినవాడు. అచ్చట రాజ్యముల లెక్కలే ముందు. మతము పేరు తరువాత చేరినది.

చెరకు పండించు సీమవారికి తోచు ముచ్చట మరియొకటి కలదు. 1099లో ట్రిపోలీ ప్రాంతమున ఆకలిగొన్న శిలువ సైనికులు తీయని గడలను నమిలి ప్రాణములు నిలుపుకొన్నట్లు నాటి చరిత్రకారుడు ఆల్బర్టు వ్రాసెను. మన శర్కరయే పారశీకమున షకరై, అరబ్బున సుక్కరై వారి చెవిని బడెను. బోధనులో 1937లో వెలసి 2015లో మూతబడిన కర్మాగారము చుట్టునున్న శక్కర్‌నగరు పేరును ఆ వంశములోనిదే. గెలిచిన దొరలు టైరు, ఆకా పట్టణముల చుట్టును చెరకు గానుగలు నడిపిరి. 1291లో ఆకా ముస్లిముల వశమైన పిమ్మట ఆ వ్యాపారము సైప్రసు ద్వీపమునకు తరలెను.