కర్కుమిన్

కర్కుమిన్ పసుపు దుంపలో లభించే ఒక సహజ రసాయన పదార్థం. పసుపునకు ఆ రంగు రావడానికి ప్రధాన కారణం ఇదే. మధుమేహముపైన, మెదడుపైన దీని ప్రభావాన్ని ప్రయోగశాల జంతువులలో విస్తృతంగా పరిశీలించారు. వాటిలో అనేక ఫలితాలు ఆశాజనకంగా ఉన్నప్పటికీ, మనుషులలో దీనిని ఔషధంగా వాడదగినంత రుజువు ఇంకా లభించలేదు.

లభ్యత

ఎండు పసుపులో కర్కుమిన్, దాని సంబంధిత పదార్థాలు కలిసి సాధారణంగా 2 నుండి 5 శాతం వరకు ఉంటాయి. ఆంధ్ర ప్రదేశ్‌లో తెనాలి సమీపాన గల దుగ్గిరాల పసుపు వ్యాపారానికి పేరుపొందినది. కొల్లిపర, రేపల్లె వైపున గల కొల్లూరు మొదలైన కృష్ణా తీర మండలాలలో పసుపు పండిస్తారు. తవ్విన దుంపలను ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టి కొమ్ములు, కాయలుగా వేరుచేసి అమ్ముతారు. కర్కుమిన్‌ను పసుపు నుండి మొదటిసారిగా 1815లో వోగెల్, పెలెటియర్ అను శాస్త్రవేత్తలు వేరుచేశారు. దీని అణు నిర్మాణం 1910లో వెల్లడైనది.

మధుమేహముపై ప్రయోగాలు

ఇట్టి ప్రయోగాలలో ఎలుకలకు తరచుగా స్ట్రెప్టోజోటోసిన్ అనే మందును ఎక్కిస్తారు. ఇది క్లోమంలో ఇన్సులిన్‌ను తయారుచేసే బీటా కణాలను నాశనం చేయడం వలన ఎలుకలకు మధుమేహం వస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఇట్టి ఎలుకలకు 8 వారాలపాటు ఆహారంలో పసుపు లేదా కర్కుమిన్ కలిపి ఇచ్చారు. 2005లో ప్రచురితమైన ఈ ఫలితాల ప్రకారం రక్తంలోని చక్కెర తగ్గలేదు గాని, కంటిలో శుక్లం ముదరడం ఆలస్యమైనది. అనగా ఇక్కడ కలిగిన మేలు చక్కెరను తగ్గించుట వలన కాక, ఆక్సీకరణ వలన కలిగే నష్టాన్ని తగ్గించుట వలన అని వారు భావించారు.

మెదడుపై ప్రయోగాలు

దీర్ఘకాలిక మధుమేహం జ్ఞాపకశక్తిని కూడా దెబ్బతీయగలదు. చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, కర్కుమిన్ ఇచ్చిన మధుమేహ ఎలుకలు నీటితొట్టెలో దాగిన మెట్టును వెదకి పట్టుకునే పరీక్షలో మెరుగైన ఫలితాన్ని చూపాయి. వాటి మెదడులో ఆక్సీకరణ ఒత్తిడి, వాపు సూచికలు కూడా తగ్గాయి. అమెరికాలో 2001లో అల్జీమర్స్ లక్షణాలు గల చిట్టెలుకలపై జరిగిన ప్రయోగంలో, తక్కువ మోతాదు కర్కుమిన్ ఇచ్చిన వాటి మెదడులో అమైలాయిడ్ నిల్వలు సుమారు సగానికి తగ్గాయి. ఎక్కువ మోతాదు ఇచ్చిన వాటిలో ఆ తగ్గుదల కనిపించలేదు.

మానవులలో ఫలితాలు

నోటి ద్వారా తీసుకున్న కర్కుమిన్ రక్తంలోకి చాలా తక్కువగా చేరుతుంది. చేరినది కూడా త్వరగా మార్పుచెంది విసర్జింపబడుతుంది. మిరియాలలోని పైపరీన్‌తో కలిపి ఇచ్చినపుడు మనుషులలో దీని లభ్యత సుమారు 20 రెట్లు పెరిగినట్లు 1998లో బెంగళూరు పరిశోధకులు తెలిపారు.

థాయిలాండ్‌లో మధుమేహపు ముందు దశలో ఉన్న 240 మందిపై 9 నెలలపాటు జరిపిన అధ్యయనం 2012లో వెలువడినది. ఉత్తుత్తి గుళికలు తీసుకున్నవారిలో 16.4 శాతం మందికి మధుమేహం రాగా, కర్కుమిన్ తీసుకున్నవారిలో ఎవరికీ రాలేదు. అదే సంవత్సరం అమెరికాలో అల్జీమర్స్ గల 36 మందిపై 24 వారాల అధ్యయన ఫలితాలు వెలువడినవి. రోజుకు 2 లేదా 4 గ్రాములు ఇచ్చినను వారిలో ప్రయోజనం కనబడలేదు. ఒక చెంచా, అనగా సుమారు 3 గ్రాముల వంట పసుపులో ఉండే కర్కుమిన్ 0.1 గ్రాము దరిదాపుల్లోనే ఉంటుంది.

జాగ్రత్తలు

వంటలో వాడే పసుపు సాధారణంగా హానికరం కాదు. అధిక మోతాదు పసుపు గుళికలు వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నట్లు ఇటలీ, అమెరికా దేశాలలో నమోదైనది. రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారు ఇట్టి గుళికలు తీసుకొనుటకు ముందు వైద్యుని సంప్రదించవలెను. జంతువులలో వచ్చిన ఫలితాలను నమ్మి మధుమేహ రోగులు ఇన్సులిన్‌ను గాని, మాత్రలను గాని మానివేయుట ప్రమాదకరం.