ఆగిన యంత్రము – డిస్కు లెక్కల తనిఖీ

ఇంటిలో ఒక మూల నుండు నిల్వ సర్వరు, అనగా కుటుంబమువారి ఫోటోలు, పత్రములు, పాటలు దాచు చిన్న కంప్యూటరు, ఒక్కొక్కప్పుడు ఎట్టి ఆజ్ఞకును బదులు పలుకక బిగుసుకొనిపోవును. యజమాని విధిలేక మీటను కొన్ని సెకండ్లు నొక్కిపట్టి దానిని ఆపివేయును. తిరిగి వెలిగించినప్పుడు అది వెంటనే పనిలోనికి దిగకపోవచ్చును. దీపములు మినుకుమినుకుమనుచుండును, డిస్కు ఏదో వెదకుచున్నట్లు చప్పుడగుచుండును. ఓర్పు చాలక అప్పుడు రెండవమారు మీట నొక్కువారు గలరు. పదేండ్ల ఫోటోలు లోపల నున్నప్పుడు అది చాల ప్రమాదకరమైన తొందర. ఏలయన యంత్రము ఆ వేళ తన లెక్కలను తాను తనిఖీ చేసికొనుచు, తప్పులు దిద్దుకొనుచుండును. ఈ తనిఖీకి నలువది యేండ్లకు పైబడిన చరిత్ర గలదు.

ఒక ఫోటోను డిస్కుపై నుంచుట ఒకే పనిగా తోచును గాని నిజమునకు పలుపనులు. డిస్కు చిన్నచిన్న బ్లాకులుగా విభజింపబడియుండును. మొదట ఖాళీ బ్లాకుల పట్టికలో కొన్నింటిని వాడుకలోనివిగా గుర్తింపవలెను. వానిలో ఫోటోను వ్రాయవలెను. ఆ ఫైలు ఎంత పెద్దది, ఏయే బ్లాకులలో నున్నది అను వివరపత్రమును నింపవలెను. దీనినే యూనిక్సువారు ఐనోడు అందురు. తుదకు డైరెక్టరీలో పేరు చేర్చవలెను. ఈ మార్పులు కొంతసేపు మెమరీలోనే వేచియుండి తరువాత డిస్కు చేరును. పాత యూనిక్సులో ఇందుకు గడువు 30 సెకండ్లు. ఈ నడుమ కరెంటు పోయినచో పేరుండి వివరపత్రము లేకపోవచ్చును, వివరపత్రముండి పేరు లేకపోవచ్చును.

యూనిక్సు 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీల చేతులలో పుట్టెను. తొలినాళ్లలో తనిఖీకి ఐచెక్, డీచెక్ అను వేర్వేరు ప్రోగ్రాము లుండెను. ఒకటి బ్లాకుల లెక్కను, మరియొకటి డైరెక్టరీల లెక్కను చూచును. వీని కృషి ఎక్కువగా తప్పు చూపుటతో ముగియును; ఏది తుడువవలెనో, ఏది ఉంచవలెనో యంత్రమును నడుపువాడే నిర్ణయింపవలెను. లోపలి నిర్మాణ మెరుగనివానికి అది సాధ్యమగు పని కాదు.

ఈ పనులన్నింటిని ఒకచోట చేర్చి, దిద్దుబాటును కూడ చేయునట్లు టి. జె. కొవాల్‌స్కి బెల్ ప్రయోగశాలలలో వ్రాసిన ప్రోగ్రాము ఎఫ్.ఎస్.సి.కె. ఇది 1980 నాటికి కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమువారి యూనిక్సులోను చేరెను. అది మొదట ప్రతి ఐనోడును చదివి ఏ బ్లాకు ఎవరిదో తేల్చును. పిమ్మట పేర్లను, డైరెక్టరీల పరస్పర సంబంధమును, ఒక్కొక్క ఫైలునకు ఎన్ని పేర్లున్నవో ఆ సంఖ్యను, తుదకు ఖాళీ బ్లాకుల పట్టికను సరిచూచును. ఒకే బ్లాకును రెండు ఫైళ్లు తమదనుట అన్నింటికంటె చిక్కైన సంగతి. ఒకే సర్వే నంబరు పొలమునకు ఇద్దరి పేర పట్టా లున్నట్లే ఇదియు. ఒకటి తప్పని తెలియును గాని, ఏది తప్పో లెక్కను బట్టి తెలియదు. ఇక పేరు పోయి వివరపత్రము మాత్రము మిగిలిన ఫైళ్లను ‘పోయి దొరికినవి’ అను అర్థముగల పేరుతో నుండు ప్రత్యేక డైరెక్టరీలో, ఐనోడు సంఖ్యనే పేరుగా పెట్టి చేర్చును. అవి ఏ ఫోటోలో, ఏ పత్రములో యజమాని ఒక్కొక్కటిగా తెరచి చూచుకొనవలసినదే.

ఇచ్చట విద్యార్థులు ఒక భేదమును గ్రహింపవలెను. ఈ ప్రోగ్రాము లెక్కలు ఒకదానితో నొకటి పొసగునట్లు చేయును. ఫోటోలోని ముఖములు చెడినవా, బాగున్నవా అను విషయము దాని కెరుక లేదు. తనిఖీ ముగిసి ‘సరిగానున్నది’ అని తెలిపినను, సగము వ్రాసిన ఫోటో సగముగానే యుండును.

1983లో వెలువడిన బర్కిలీ 4.2 యూనిక్సులో మెక్‌కుసిక్ మున్నగువారు ముఖ్యమైన వ్రాతలు ఒక క్రమములో జరుగునట్లు కట్టడి చేసిరి. దీనివలన సామాన్యమైన పొరపాట్లను, యంత్రము మేల్కొనునప్పుడే, మనిషి నడుగకుండ దిద్దుట సాధ్యమయ్యెను. వింత తప్పు కనబడిననే అది ఆగి మనిషిని పిలుచును.

అయినను ఒక లోపము మిగిలెను. చెడినది ఒక్క పేరైనను, డిస్కుమీది వివరపత్రములన్నియు చదువవలెను. డిస్కులు పెరిగినకొలది తనిఖీకాలమును పెరిగెను. పెద్ద సర్వర్లు గంటలకొలది నిలిచిపోవుచుండెను.

దీనికి దొరికిన ఉపాయము మన వర్తకులకు క్రొత్తది కాదు. ఏ వ్యవహారమైనను ముందు చిట్టాలో వ్రాసి, తరువాత ఆవర్జాకు ఎక్కించుట వారి పద్ధతి. గుమాస్తా నడుమ లేచిపోయినను చిట్టా చూచి మిగిలినది ఎక్కింపవచ్చును. సమాచార నిధులను నడుపువారు దీనిని 1970లలోనే వాడిరి. ఫైళ్లకు దీనిని అన్వయించిన తొలి ప్రయత్నములలో నొకటి జిరాక్సు సంస్థ పరిశోధనాలయములో హేగ్మన్ మార్చి కట్టిన సీడార్ వ్యవస్థ. 1987లో దాని వివరములు వెలువడెను. ఐ.బి.ఎం. వారి జె.ఎఫ్.ఎస్. 1990లోను, మైక్రోసాఫ్టు వారి ఎన్.టి.ఎఫ్.ఎస్. 1993లోను వచ్చినవి. లినక్సునకు స్టీఫెన్ ట్వీడీ 1998లో ప్రకటించిన పథకము ఎక్స్‌ట్3 అను పేర 2001లో ప్రధాన లినక్సులో చేరెను. ఇంటి సర్వర్లలో అనేకము లినక్సుతోనే నడచును. బలవంతముగా ఆపిన పిమ్మట అవి తొలుత చిట్టాను చదువును. అది సాధారణముగా కొన్ని సెకండ్ల పని.

చిట్టాకును హద్దు గలదు. ఎక్స్‌ట్3 మామూలుగా లెక్కలలోని మార్పులనే చిట్టా కెక్కించును గాని ఫోటోల నెక్కింపదు. మరియు చాలకాలము నిల్వయుండుటచేత డిస్కుమీది అక్షరమే మారిపోయినచో చిట్టా దానిని పట్టుకొనలేదు. 2005లో సన్ సంస్థవారు బయలుపరచిన జడ్.ఎఫ్.ఎస్. ఈ రెండవ చిక్కును ఎదుర్కొనెను. అందులో పాత బ్లాకుపై క్రొత్తది వ్రాయరు. వేరుచోట వ్రాసి, అంతయు ముగిసిన పిమ్మటనే చిరునామా మార్చుదురు. ప్రతి బ్లాకునకును సరిచూచు సంఖ్య యొకటి వేరుగా భద్రపరతురు. కనుక దీనికి ఎఫ్.ఎస్.సి.కె. వంటి ప్రోగ్రామును చేర్చలేదు. బదులుగా, యంత్రము పనిచేయుచుండగనే దాచినదంతయు చదివి సరిచూచు ఏర్పాటు గలదు. సెకండునకు 100 మెగాబైట్ల చొప్పున 4 టెరాబైట్లు చదువుటకు 40,000 సెకండ్లు, అనగా 11 గంటలకు పైన పట్టును. చెడిన బ్లాకు కనబడినప్పుడు రెండవ ప్రతి యున్నచో దానినుండి బాగుచేయును. లేనిచో చెడిన ఫైలు పేరును మాత్రము తెలుపును.