కారుకీ సుడులుంటాయి

ఈ సంక్రాంతికి మా మేనల్లుడు హైదరాబాదు నుంచి అమలాపురం వచ్చాడు. వస్తూనే అరిసెలు అడగలేదు, పూతరేకులు అడగలేదు. సెల్‌ఫోను తీసి నా ముక్కుకి ఆనించి, "ఎలా ఉందత్తయ్యా?" అన్నాడు. పెళ్ళికూతురి ఫోటో కాబోలనుకుని కళ్ళజోడు సవరించుకున్నాను. తీరా చూస్తే కారు! ముదురాకుపచ్చ రంగు, కప్పలా నేలకి కరుచుకుని ఉంది. తొమ్మిదేళ్ళ నాటి పోర్షే అట. అమ్మకానికి ఉందట.

"పాత కారా?" అన్నాను.

"పాతదనకూడదు, ప్రీ ఓన్డ్ అనాలి" అన్నాడు. పేరు మార్చగానే వయసు తగ్గుతుందన్నమాట. తెలిస్తే మనమూ మార్చుకునేవాళ్ళం కదండీ!

అసలు సంగతి అది కాదు. రాజోలు దగ్గిర మా వదినకి పుట్టింటివారు పసుపు కుంకాల కింద ఇచ్చిన ఎకరం కొబ్బరితోట ఉంది. దానిమీద పడింది వీడి చూపు. "అమ్మా, ఇది ఖర్చు కాదు, పెట్టుబడి. నాలుగేళ్ళు తిరిగి అమ్మేస్తే పెట్టింది పెట్టినట్టు వస్తుంది. ఇలాంటి కార్లకి రేటు పడదు" అంటాడు. మా వదిన అటూ ఇటూ తేల్చలేక, "మీ అత్తయ్య ఊఁ అంటే సంతకం పెడతాను" అని ఆ బరువు నా నెత్తిన పెట్టింది. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో చరిత్ర చెప్పినదాన్ని గనక నాకు అన్నీ తెలుసని ఆవిడ నమ్మకం. నాకు తెలిసిన చరిత్రే వాడికి చెప్పాను. మీకూ చెబుతాను.

మన దేశంలో పాత బండి బేరం కారుతో మొదలవలేదు, ఎద్దులతో మొదలైంది. మా తాతయ్య సంతకి వెళితే ముందు ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూసేవారు. పాలపళ్ళు ఎన్ని ఊడాయి, ఎన్ని మొలిచాయి అన్నదాన్నిబట్టి వయసు తెలుస్తుంది. పళ్ళు అరిగితే ఇక లెక్క కట్టడం కష్టం. కారులో మైళ్ళు చూపించే మీటరు ఉంటుందే, అదన్నమాట. కాకపోతే ఎద్దు పళ్ళని వెనక్కి తిప్పడం ఎవరివల్లా కాదు.

తరవాత నడిపించి చూసేవారు. ఆ తరవాత సుడులు. ఎద్దు నుదుటి మీదా మూపు మీదా వెంట్రుకలు తిరిగి ఉంటాయి చూశారూ, అవే సుడులు. ఈ సుడి ఉంటే ఇల్లు వృద్ధి, ఆ సుడి ఉంటే యజమానికి గండం అని పెద్ద శాస్త్రం ఉండేది. మా తాతయ్యకి ఆ శాస్త్రం మీద ఇసుమంత నమ్మకం లేదు. అయినా పాడు సుడి ఉన్న ఎద్దుని కొనేవారు కారు. "మీకు నమ్మకం లేదుగా, మరెందుకు వద్దంటారు?" అని నాన్నగారు అడిగితే, "నాకు లేకపోతే ఏవిరా, రేపు నా దగ్గిర కొనేవాడికి ఉంటుంది" అనేవారట.

మళ్ళీ అమ్ముడుపోవడం అనే శాస్త్రమంతా ఈ ఒక్క మాటలో ఉందనిపిస్తుంది నాకు. మనం బేరమాడుతున్నప్పుడు మన పక్కనే మరొకడు కూర్చుని ఉంటాడు. వాడి పేరు మనకి తెలీదు, మొహం చూడలేదు. రంగు వాడే చెబుతాడు, ధర వాడే చెబుతాడు. చీరలకొట్లో ఈ బాధ లేదు గాని బంగారం కొట్లో ఉంది. రాళ్ళ నెక్లెసు కంటికి నచ్చినా, మార్చుకోవలసివస్తే రాళ్ళ బరువు తీసేస్తారు, తరుగు పోతుంది, మజూరీ పోతుంది అని లెక్కేసుకుని వడ్డాణమో గాజులో తెచ్చుకోలేదూ మనం?

మా ఇంట్లో ఈ లెక్క వెయ్యని మనిషి ఒక్కరే, మా పెదనాన్నగారు.

1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చింది. జమీందారీలు పోయాయి. దివాణాల్లో ముందు ఏనుగులు తగ్గాయి, తరవాత నౌకర్లు తగ్గారు, ఆఖరికి కారు షెడ్లు ఖాళీ అవడం మొదలెట్టాయి. అలా 1958లో ఒక చిన్న జమీందారుగారి రెండు సీట్ల విదేశీ కారు మా పెదనాన్నగారి కంటబడింది. గుడ్డ టాపు, గుండ్రటి దీపాలు, తోలు సీట్లు. కంపెనీ పేరు చెప్పను, పాపం ఆ కంపెనీ తప్పేమీ లేదు. అర ఎకరం పల్లపు చేను అమ్మి కొన్నారు. ఇల్లంతా ఏడ్చింది. ఊరంతా చూడ్డానికి వచ్చింది.

కోనసీమలో ఆరోజుల్లో కారు ఉండడం ఎంతో, దాన్ని ఊరు దాటించడం అంత. గౌతమి ఒక పక్క, వశిష్ఠ ఒక పక్క, మధ్యలో వైనతేయ, కింద సముద్రం. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలొచ్చాయి గనక మా పెద్దలు పెళ్ళికైనా పేరంటానికైనా పడవ ఎక్కేవారు. రోడ్లంటే కాలవగట్లే. గోదావరి దాటాలంటే రేవులో పంటు ఎక్కించాలి. ముక్తేశ్వరం రేవులో రెండు బల్లలు వేసి కారుని పైకి తోలుతుంటే, మోటారు బస్సు ఎక్కినచోట మా పెదనాన్నగారి కారు పొట్ట బల్లకి తగులుకుని ముందు చక్రాలు గాల్లో, వెనక చక్రాలు నీళ్ళల్లో నిలబడిపోయింది. పదిమంది కలాసీలు ఎత్తి పెట్టారు. ఇప్పటి స్పోర్ట్సు కార్లకీ ఆ జబ్బు ఉంది. నేలకి నాలుగంగుళాల ఎత్తున నడిచే బండి మన వీధి స్పీడు బ్రేకరు దాటాలంటే పక్కవాటుగా, మెట్లు దిగే ముసలమ్మలా దిగాలి.

ఉప్పుగాలి తలుపుల అడుగు తినేసింది. వానాకాలం టాపు కారింది. ఆఖరికి ఇంజనులో నీళ్ళు తిప్పే పంపు పోయింది. మద్రాసుకి ఉత్తరం రాస్తే లేదన్నారు, బొంబాయి రాస్తే లేదన్నారు. దానికో కారణం ఉంది. 1953లో ప్రభుత్వం, ఈ దేశంలో కార్లు తయారుచేస్తామన్న కంపెనీలే ఉండాలి, పైనుంచి సామాను తెచ్చి బిగించి అమ్ముకునేవాళ్ళు అక్కర్లేదని తేల్చింది. ఫోర్డు, జనరల్ మోటార్సు సర్దుకుని వెళ్ళిపోయాయి. మిగిలినవి ముఖ్యంగా మూడు: అంబాసిడరు, ఫియట్, మన మద్రాసులో తయారైన స్టాండర్డు. విదేశీ కారుకి మనిషి దొరికినా మేకు దొరకని రోజులవి.

పెదనాన్నగారి కారులో మా కోళ్ళు పదేళ్ళు గుడ్లు పెట్టాయి. తరవాత దాని హారను ఒక బస్సు యజమాని కొన్నాడు, మిగతాది పాత ఇనుము కింద తూకానికి వెళ్ళింది. అర ఎకరం చేను అలా తూకానికి వెళ్ళడం నేను కళ్ళారా చూశాను.

అదే కాలంలో మా వీధి చివర డాక్టరుగారి ఫియట్ సంగతి వినండి. కొత్త ఫియట్‌కి డబ్బు కట్టి ఏళ్ళ తరబడి వంతుకోసం కూర్చోవాలి. గ్యాసు కనెక్షనుకి మనం కూర్చున్నట్టే! అంచేత వాడిన ఫియట్, కొత్తదాని ఖరీదుకంటే ఎక్కువకి పోయేది. డాక్టరుగారు నాలుగేళ్ళు తిరిగి, కొన్నదానికంటే పైకానికి అమ్మి, దర్జాగా మీసం దువ్వుకున్నారు. ఆయన తెలివేం కాదు, కరువు తెలివి. 1983 డిసెంబరులో మారుతి వచ్చింది. వరస మెల్లిగా తరిగింది, ఆ లాభమూ కరిగింది. అంటే రేటు అనేది కారులో లేదు, కారు కోసం నిలబడ్డ వరసలో ఉందన్నమాట.

మా వాడు దీన్ని పట్టుకున్నాడు. "అదేగా అత్తయ్యా నేననేది! తక్కువ తయారైనవాటికి ఎప్పుడూ వరస ఉంటుంది. ఫెరారీ జీటీవో కథ తెలుసా?" అని. తెలీదు. వాడే చెప్పాడు, తరవాత నేనూ చదివాను. 1962 నుంచి 64 దాకా ఇటలీలో ఫెరారీ కంపెనీ పందాల కోసం 250 జీటీవో అనే కారు ముప్పై ఆరు మాత్రమే చేసింది. కొత్తప్పుడు పద్దెనిమిది వేల డాలర్లు. 2018 ఆగస్టులో అందులో ఒకటి అమెరికా వేలంలో 4 కోట్ల 84 లక్షల డాలర్లకి పోయింది. నాకు నోట మాట రాలేదు.

కాని చరిత్ర చెప్పేవాళ్ళకి మొదటి అంకె, చివరి అంకె చాలవు. మధ్యలో ఏమైందని అడగాలి. మధ్యలో అవి ఉట్టి పాత పందెం కార్లు. టెక్సాస్‌లో ఒకాయన తన జీటీవోని హైస్కూలుకి విరాళంగా ఇచ్చేశాడు, పిల్లలు మెకానిక్ పని నేర్చుకుంటారని. 1972లో స్కూలువారు దాన్ని 6,500 డాలర్లకి అమ్మేశారు. కొన్నాయన దగ్గిర అది పదిహేనేళ్ళ పైచిలుకు ఎండకీ వానకీ ఆరుబయట పడి ఉంది. మా పెదనాన్నగారి కారుకీ దానికీ ఆ పదిహేనేళ్ళలో తేడా లేదండీ, కోళ్ళు తప్ప. పెట్టుబడి అని చెప్పి దాన్ని కొని ఉంటే ఆ ఏళ్ళన్నీ ఇంటావిడ ఏమని ఉండేదో ఏ వేలం పుస్తకంలోనూ రాయరు.

మన దేశంలోనూ ఒక ఫెరారీ కథ ఉంది. సచిన్ టెండూల్కర్ 2002లో బ్రాడ్‌మన్ ఇరవై తొమ్మిది సెంచరీల లెక్క అందుకున్నందుకు ఫెరారీ 360 మోడెనా బహుమానంగా వచ్చింది. కారు ఉచితం, కస్టమ్సు సుంకం మాత్రం 120 శాతం! మాఫీ చెయ్యబోతే దేశమంతా గొడవ. చివరికి కారిచ్చిన ఫియట్ కంపెనీవారే కోటి పైన కట్టారు. 2011లో ఆయన ఆ కారుని సూరత్ వ్యాపారికి అమ్మేశారు. సచిన్ కూర్చున్న సీటు అన్న పేరు దానికి దక్కింది. తొమ్మిదేళ్ళ పోర్షేలో ఎవరు కూర్చున్నారో మనకేం తెలుసు?

ఈ జాతి కార్లలో సుడులేవిటో మావాడే పాఠం అప్పజెప్పాడు. ఫెరారీకి ఎరుపు మంచి సుడి. చేత్తో గేరు మార్చేది ఇప్పుడు మరీ మంచి సుడి, ఎందుకంటే కంపెనీలు అలాంటివి చెయ్యడం తగ్గించేశాయి. పోర్షే 911లో 1998కి ముందువి, గాలితో ఇంజను చల్లబడేవి, ప్రియం. సర్వీసు పుస్తకంలో ఏటేటా ముద్ర ఉండాలి. ఇంజను మీద నంబరు, చట్రం మీద నంబరు ఫ్యాక్టరీ కాగితంతో కలవాలి. పైదేశం నుంచి తెచ్చినదైతే సుంకం కట్టిన రసీదు ఉండాలి. అది లేకపోతే కారుతోపాటు దావా కూడా కొనుక్కున్నట్టే.

"ఇవన్నీ చూస్తానత్తయ్యా" అన్నాడు.

"మునిగిందేమో చూస్తావా?" అన్నాను.

తెల్లమొహం వేశాడు. 2015 డిసెంబరులో చెన్నై వరదల్లో వేల కార్లు మునిగాయి. మునిగిన ఖరీదైన కారుని కడిగి, తుడిచి, అత్తరు కొట్టి మరో ఊళ్ళో అమ్మడం పెద్ద కష్టం కాదు. వీళ్ళు మీటర్లు చూస్తారు, కంప్యూటరు పెట్టి చూస్తారు. నాకు 1986 ఆగస్టు వరద తెలుసు, 1996 నవంబరు తుఫాను తెలుసు. నీళ్ళు దిగాక బీరువాలో పట్టుచీరలు ఎన్నిసార్లు ఎండబెట్టినా మడత విప్పగానే వచ్చే ఆ ముక్క వాసన కోనసీమ ఆడదానికి ఎవరూ నేర్పక్కర్లేదు.

"ఒరేయ్, కారు అద్దాలన్నీ మూయించి, మధ్యాన్నం ఎండలో గంట నిలబెట్టించు. అప్పుడు తలుపు తీసి వాసన చూడు. కింద పరిచిన గుడ్డ ఎత్తి వేలు పెట్టి చూడు. సీటు బెల్టు అందినంతా కాకుండా ఆఖరి జానెడు దాకా బయటికి లాగు. కడిగేవాళ్ళు అక్కడిదాకా కడగరు. మునిగిందైతే బురద చార ఉంటుంది" అని చెప్పాను. వాడు ఫోనులో రాసుకున్నాడు. మా వదిన గర్వంగా నా వంక చూసింది.

సంతకం మాత్రం పెట్టలేదు. "తోట ఉంటే రెండు నెలలకోసారైనా దింపు తీయిస్తాను. కాయ రేటు పడినా చెట్టు పడదు. అంబాజీపేటలో ఎప్పుడూ కొనేవాడుంటాడు" అంది. ఆవిడకి చరిత్ర అక్కర్లేకపోయింది. కావాలంటే సొంత డబ్బుతో, బ్యాంకు అప్పుతో కొనుక్కోమంది.

కనుమ వెళ్ళాక నాలుగో రోజు హైదరాబాదు నుంచి ఫోను. "బెల్టు మొత్తం లాగానత్తయ్యా, శుభ్రంగా ఉంది. వాసన లేదు. కాగితాలు సరిగ్గా ఉన్నాయి. నంబర్లు కలిశాయి."

"మరి ఇంకేం?"

"ఆకుపచ్చ. మెకానిక్కు కూడా అదే అన్నాడు. తెలుపో నలుపో అయితే ఇట్టే పోతుంది, ఈ రంగు తిరిగి అమ్మడం కష్టం అని. అందుకే అతనూ బాగా తగ్గించి చెబుతున్నాడు."

"నీకు నచ్చిందా?"

"నాకా?" అని కాసేపు ఊరుకున్నాడు. "నాకు ఆ రంగే నచ్చిందత్తయ్యా."

అప్పుడు చెప్పాను వాడికి. తాతయ్య ఒక్కసారి, జన్మలో ఒక్కసారే, పాడు సుడి ఉన్న ఎద్దుని కొన్నారు. నడక బాగుంది, కళ్ళు బాగున్నాయి, సుడి వల్ల సగం ధరకే వచ్చింది. సంత నుంచి తోలుకొస్తూనే నాయనమ్మతో అన్నారట, "దీన్ని అమ్మేది లేదు" అని.

"ఎన్నాళ్ళుంచారు?" అన్నాడు.

"పదకొండేళ్ళు. మన దొడ్లోనే పోయింది."

"పదకొండేళ్ళా!" అన్నాడు. తరవాత చాలాసేపు మాట్లాడలేదు. లెక్కేసుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది.