ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్ కొనుగోలు: శ్రీకాళహస్తి వినియోగదారుకు ఉన్న చట్టపరమైన మార్గాలు

ఆన్‌లైన్‌లో కొన్న సాఫ్ట్‌వేర్ ప్రకటనలో చెప్పినట్టు పనిచేయకపోతే ప్రధాన ఆధారం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయడానికి 34వ సెక్షన్ వీలిస్తుంది. కాబట్టి అమ్మినవాళ్లు బెంగళూరులో ఉన్నా, శ్రీకాళహస్తి వాసి తిరుపతిలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లవచ్చు.

సాఫ్ట్‌వేర్ సరుకా కాదా అన్నది తేలింది ఆంధ్రప్రదేశ్ అమ్మకపు పన్ను వివాదంలోనే. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ కేసులో 2004లో సుప్రీంకోర్టు, డిస్కులో అమ్మే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ సరుకేనని తీర్పిచ్చింది. డౌన్‌లోడ్, చందా రకాలను సేవ అనుకున్నా, సేవాలోపం కింద ఫిర్యాదు చేయవచ్చు.

వ్యాపారానికి కొన్నవారికి ఈ చట్టం వర్తించదు. సొంతంగా పనిచేసుకుంటూ బతుకుతెరువు కోసం కొన్నవారికి మాత్రం మినహాయింపు ఉంది. డిజైన్లు గీసుకోవడానికి సాఫ్ట్‌వేర్ కొన్న కలంకారీ కళాకారుడు ఈ కోవలోకి వస్తాడు. పదిమందిని జీతానికి పెట్టుకున్న దుకాణదారు ఇదే వాదన నెగ్గించుకోవడం కష్టమే.

ముందుగా సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయడం మేలు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆయన 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలో పరిష్కరించాలి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 రాజీకి ప్రయత్నిస్తుందే తప్ప తీర్పు చెప్పదు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయలు మించకపోతే కమిషన్‌లో రుసుము లేదు. ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు. ఇన్‌వాయిస్, యూపీఐ లావాదేవీ సంఖ్య, ఎర్రర్ స్క్రీన్‌షాట్లతోపాటు ప్రకటన పేజీ నకలు కూడా దాచుకోవాలి. ఆ పేజీలు చెప్పాపెట్టకుండా మారిపోతుంటాయి. విదేశీ సంస్థపై ఉత్తర్వు వచ్చినా వసూలు కష్టం. కార్డుతో కట్టినవారు బ్యాంకును ఛార్జ్‌బ్యాక్ అడగడమే దగ్గరి దారి.